టెన్త్ అక్కడే రాశానండి

"మీ మనుషుల్లో ఒకడు దొంగ అంట, తెలుసునా?" అన్నదట ఇంటి ఓనరు రాజమ్మ ఆంటీ, వంటింటి గట్టు మీద కూరల సంచీ దించుతూ. ఆవిడకా మాట పొద్దున్నే పసర్ బజార్లో, చేపల కొట్టు దగ్గర, సూర్యారావుగారి కోడలు కాత్యాయని చెప్పిందట. కాత్యాయనికి వాళ్ళ మామగారి నోట వినపడిందట. మామగారి చెవిన ఎవరు వేశారో కాత్యాయనికీ తెలీదు, రాజమ్మకీ తెలీదు. ఇన్ని నోళ్ళు తిరిగొచ్చి కూడా, లక్ష్మీప్రియ దాన్ని గదిలోకి తెచ్చి మొగుడి చెవిలో వేసేసరికి ఆ మాట పొయ్యి మీంచి దించినట్టే కాలుతోంది.

చక్రధర్ చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. "దొంగంటే?" అన్నాడు, పెట్టె కదపకుండానే.

"హోల్డెన్ స్కూల్లో చదవకుండా చదివానని చెప్పుకు తిరుగుతున్నాడంట ఎవడో. ఇవాళ హోల్డెన్ వాళ్ళ భోజనాల దగ్గర సూర్యారావుగారు హాజరు పిలుస్తారంట, బళ్ళో పిలిచినట్టే. ఏది పావురమో ఏది కాకో తేలిపోద్దంట." లక్ష్మీప్రియ ముక్కు ఎగబీల్చింది. "చొక్కా! చొక్కా కాలిపోతంది!"

కాలర్ కింద గోధుమరంగు మచ్చ పడనే పడింది.

కిందటి వారం మనం చక్రధర్‌ని సంతోషంగా వదిలిపెట్టాం, గుర్తుంది కదా? సింగపూర్‌లో, తంజోంగ్ పగార్‌లో పెద్ద బ్యాంకు. అందులో కంప్యూటర్ల విభాగానికి అధిపతి విశ్వేశ్వరరావుగారు. ఆయన వీడి భుజం తట్టి, "మన స్కూలు కుర్రాడివి, ఎక్కడో పడుండటమేంటి, నా దగ్గరికొచ్చెయ్. సోమవారం కాగితాలు పంపిస్తా" అన్నాడు. బ్యాంకు వాళ్ళు వీడికే కాదు, పెళ్ళానికీ ఇక్కడ ఉండటానికి పాసు తెప్పిస్తారు. లక్ష్మీప్రియ వచ్చింది చుట్టపుచూపు పాసు మీద. ఒకసారి పొడిగించారు, ఇక పొడిగించరు. ఈ నెలాఖరుకి విమానం ఎక్కాల్సిందే. ఇప్పటి యజమాని గంగాధర్‌ని ఆమె పాసు గురించి ఎప్పుడడిగినా ఒకటే జవాబు: "చూద్దాంలే." కొందరు తలుపుకి తాళం వేస్తారు. గంగాధర్ "చూద్దాంలే" వేస్తాడు.

ఇంతకీ ఆ కాకి ఎవరో పాఠకులకి వేరే చెప్పక్కర్లేదు.

చక్రధర్‌ది చింతలంక. కాలవ గట్టున నడిచి జిల్లా పరిషత్ బడికి పోయి చదువుకున్నవాడు. నాలుగు మైళ్ళ అవతల కొత్తరేవు టౌన్లో హోల్డెన్ హైస్కూలు ఉంది. దొరలు కట్టిన ఇంగ్లీషు బడి. వందేళ్ళ పైమాటే. ఎర్ర ఇటుక గోడలు, గంట గోపురం, మెడకి టైలు కట్టుకున్న పిల్లలు. చక్రధర్ ఆ గేటు దాటింది ఒకే ఒక్క సందర్భంలో. పదో తరగతి పబ్లిక్ పరీక్షకి వాళ్ళ బడి పిల్లలకి సెంటరు అక్కడ పడింది. నెత్తి మీద ఫ్యాను తిరుగుతుంటే కూర్చుని రాయడం వాడికదే మొదలు.

తర్వాత తొమ్మిదేళ్ళకి హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు అయ్యాక, సింగపూర్ నుంచి గంగాధర్ ఫోన్ చేశాడు. "కొత్తరేవు పక్కవాడివా? అయితే హోల్డెనేనా?" అన్నాడు. గంగాధర్ కంపెనీలో అందరూ హోల్డెన్ వాళ్ళే. నా కుర్రాళ్ళంతా వందేళ్ళ ఇంగ్లీషు స్కూలు సరుకు అని చెప్పుకుని దొరల కంపెనీల పని పట్టుకొస్తాడు. చక్రధర్ "టెన్త్ అక్కడే రాశానండి" అన్నాడు.

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. మన వైపు "టెన్త్ ఎక్కడ రాశావు" అంటే ఎక్కడ చదివావని అడగటం. సెంటరు ఎక్కడ పడిందని అడగటం కూడా అదే మాటతో. ఫోనుకి అటువైపు ఒక అర్థం వెళ్ళింది, ఇటువైపు ఒక అర్థం ఉండిపోయింది. ఆ మధ్యలో ఉద్యోగం వచ్చింది.

వచ్చి చేస్తున్న పనేమిటయ్యా అంటే, పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేయడం. ఎవడో ఎప్పుడో స్థలం కలిసొస్తుందని ఏడాదికి నాలుగంకెలు రాయాల్సింది రెండంకెలు రాసి ఊరుకున్నాడు. ఇప్పుడు రెండువేల సంవత్సరం ముంచుకొస్తుంటే లోకమంతా గుండెలు బాదుకుంటోంది. పాయా లేబర్ అనే పేటలో, ఆఫీసులో కూర్చుని చక్రధర్, ఎవడో మింగేసిన అంకెల్ని ఒక్కొక్కటీ కక్కిస్తున్నాడు. తను మింగిన సగం మాట మాత్రం గొంతులోనే ఉంది.

"ముందే చెప్పెయ్యండి," అంది లక్ష్మీప్రియ, మచ్చపడ్డ చొక్కా లాక్కుని ఇంకోటి చేతికిస్తూ.

"చెబితే బ్యాంకు పోద్ది."

"చెప్పకపోతే?"

చక్రధర్ రెండో చొక్కా తొడుక్కోసాగాడు.

"మా నాన్న ఎడ్ల సంతలో ఒకటే మాట అంటాడు. ఎద్దుకి పుండుంటే నువ్వే ముందు చూపించెయ్. కొన్నాక వాడు చూస్తే పుండు అనడు, మోసం అంటాడు."

"ఇది సంత కాదు లక్ష్మీ."

"కాదా? నలుగురు చేరి పళ్ళు పట్టుకు చూసేదాన్ని మా ఊళ్ళో సంతే అంటారు మరి."

"నువ్వు మాత్రం అక్కడ ఏం మాట్లాడకు. నీకు పుణ్యముంటుంది."

"నేనేం మాట్లాడతానండీ, నాకు ఇంగ్లీషు రాదుగా," అంది ఆమె, పమిట సర్దుకుని.

బయల్దేరుతుంటే రాజమ్మ ఆంటీ గుమ్మం దాకా వచ్చింది. వాళ్ళ తాత రబ్బరు తోటల కాలంలో ఓడెక్కి వచ్చినవాడు. ఆవిడ తెలుగులో అరవమూ మలయ్ మాటలూ పప్పులో ఉప్పులా కలిసిపోయి ఉంటాయి. "తంబీ, కడుపు నిండా మాకన్ చేసి రా. ఎవడి గోల మనకెందుకు, సరిదానే?" అంది. ఆవిడకి తెలుసో తెలీదో ఆ మొహం చూసి చెప్పడం బ్రహ్మతరం కాదు.

వాళ్ళుండే బుకిట్ పంజాంగ్‌లో కొత్త రైలుకి స్తంభాలు లేచాయి, పైన పట్టాలు కూడా పరిచారు, రైలే ఇంకా రాలేదు. ఆ స్తంభాల నీడల కిందుగా బస్సు పోతోంది. చల్లటి ఏసీ బస్సులో చక్రధర్‌కి చంకలు తడిశాయి. ఇంటికి పోలేడు, ఆఫీసు వదల్లేడు, ఇవాళ్టి భోజనం ఎగ్గొట్టలేడు. ఎగ్గొడితే కాకి నేనే అని కావుమన్నట్టు. వెళితే వలలోకి నడిచి వెళ్ళినట్టు. మాటు వేసినవాడెవడో తెలిస్తే కనీసం అటుకేసి చూసి నడవొచ్చు. అదీ తెలీదు.

సూర్యారావుగారి ఫ్లాటు తంజోంగ్ పగార్‌లో పాతకాలపు బ్లాకులో ఉంది. లిఫ్టు అన్ని అంతస్తుల్లో ఆగదు. పైన దిగి ఒక అంతస్తు కిందికి నడవాలి. వరండాలోంచి చూస్తే రేవులో క్రేన్లు, అగ్గిపెట్టెలు పేర్చినట్టు కంటైనర్లు. పెద్దాయనకి డెబ్బై దాటాయి. చిన్నప్పుడు తండ్రి ఆయన్ని కొత్తరేవులో అమ్మమ్మ దగ్గరికి పంపి హోల్డెన్‌లో వేశాడు. ఈలోపు యుద్ధమొచ్చి ఓడలు ఆగిపోతే అక్కడే ఇరుక్కుపోయి, చదువు పూర్తిచేసుకుని మరీ తిరిగొచ్చాడు.

"మా నాన్న ఈ రేవులో మూటలు మోశాడు," అంటాడాయన కొత్తవాడు కనబడితే చాలు. "నేను ఇదే రేవులో కుర్చీలో కూచుని మూటలు లెక్కపెట్టాను. మధ్యలో తేడా ఏంటి? హోల్డెన్!"

ఇవాళ కూడా అదే మాట అంటున్నాడు, వచ్చినవాళ్ళు వందోసారి విన్నా మొదటిసారి విన్నట్టు తలలూపుతున్నారు. విశ్వేశ్వరరావుగారు సోఫా నిండా కూర్చుని, "రావోయ్ మన కుర్రాడా! అమ్మాయిని కూడా తెచ్చావా, శుభం," అని చెయ్యి చాపాడు. ఆ చెయ్యి వెచ్చగా, మెత్తగా, నమ్మకంగా ఉంది. చక్రధర్‌కి దాన్ని వదిలి పారిపోవాలనిపించింది.

లక్ష్మీప్రియ చెప్పులు గుమ్మం దగ్గర వదిలి తిన్నగా వంటింట్లోకి పోయింది కాత్యాయనికి సాయం. సూర్యారావుగారి మనవరాలు బల్ల చుట్టూ తిరుగుతోంది. "తాతా, రోల్ కాల్ ఆఫ్టర్ మాకన్ లా! సో హంగ్రీ!"

"హాజరు కాకుండా అన్నమా? హోల్డెన్లో అది జరగదు," అన్నాడు ముసలాయన.

అప్పుడే గంగాధర్ లేచాడు. తెల్లటి చొక్కా, మడత నలగని మనిషి, వయసు నలభై లోపే. "చక్రం, అలా వరండాలోకి రా, సిగరెట్ తాగొద్దాం."

చక్రధర్‌కి సిగరెట్ అలవాటు లేదని గంగాధర్‌కి తెలుసు.

వరండా సన్నగా, పొడుగ్గా, ఇనుప గేట్ల వరసతో జైలు వసారాలా ఉంది. పక్కనే వంటింటి కిటికీ. కిటికీకి అద్దపు పలకలు ఏటవాలుగా తెరిచి ఉన్నాయి. వాటి సందుల్లోంచి తాలింపు ఘాటు, గరిటె చప్పుడు.

"బ్యాంకు గాలి తగిలిందంటగా నీకు," అన్నాడు గంగాధర్, అగ్గిపుల్ల విసిరేస్తూ.

"మీకు చెబుదామనే అనుకున్నాను సార్..."

"చెప్పక్కర్లేదు. విశ్వేశ్వరరావుగారికి చెప్పు. నేను రావట్లేదండీ అని. ఇవాళే, అన్నం తిని లేచేలోపు. జనవరి ఒకటో తారీకు దాటేదాకా నువ్వు కదిలితే నా క్లయింటు నా పీక పట్టుకుంటాడు."

"జనవరి దాటాక వదుల్తారా?"

"చూద్దాంలే."

"లక్ష్మి పాసు సార్..."

"అదీ చూద్దాంలే."

చక్రధర్‌లో ఎక్కడో చిన్న నిప్పు రాజుకుంది. రెండేళ్ళుగా ఆ మాట తిని బతుకుతున్నాడు. "నేను వెళ్తాను సార్. వాళ్ళు సోమవారం కాగితాలు పంపుతారు. వెళ్ళిపోతాను."

"శుభ్రంగా వెళ్ళు." గంగాధర్ పొగ వదిలాడు. "లోపల ముసలాయన పేరు పిలుస్తాడు, ప్రెజెంట్ సర్ అంటావు. ఏ బ్యాచ్ అంటాడు, ఎనభై ఎనిమిది అంటావు. టెన్త్ ఎక్కడ రాశావంటాడు. అప్పుడేమంటావు?"

"అక్కడే రాశానంటాను."

గంగాధర్ నవ్వాడు. వేళాకోళంగా కాదు. ముద్దొచ్చినట్టు నవ్వాడు.

"అదే అను. ఆ మాటే అనమని నేను కోరేది. ఎనభై ఏడులో కొత్తరేవులో కాపీల గొడవ జరిగిందిరా పిచ్చివాడా. సొంత బళ్ళో సొంత పిల్లలు రాయకూడదని మరుసటేడు ఆర్డరు వేశారు. హోల్డెన్ పిల్లలందర్నీ తీసుకుపోయి మునిసిపల్ స్కూల్లో కూచోబెట్టారు. మా తమ్ముడు గురునాథం అదే బ్యాచ్. రేకుల షెడ్డులో విరిగిన బెంచీ మీద రాశానని, అందుకే లెక్కల్లో పోయిందని, ఇప్పటికీ ఏడుస్తాడు. అంచేత ఆ యేడు హోల్డెన్లో రాసినవాడు ఎవడన్నా ఉన్నాడూ అంటే..." సిగరెట్టు కొసతో చక్రధర్ రొమ్ముకేసి చూపించాడు. "...వాడు హోల్డెన్ వాడు కాదు."

చక్రధర్ చెయ్యి పిట్టగోడ మీద పడింది. కింద ఎక్కడో వెదురు గడకి ఆరేసిన దుప్పటి గాలికి ఎగిరెగిరి పడుతోంది. ఏ మాట తనకి గొడుగు అనుకున్నాడో ఆ మాటే నెత్తిన పిడుగైంది. ఇన్నాళ్ళూ ఎవరడిగినా, ఎంత గర్వంగా, ఎంత జాగ్రత్తగా, ఒక్క అక్షరం తేడా రాకుండా చెప్పాడు ఆ మాట!

"అయితే మీకు... ఎప్పట్నించి..."

"ఫోన్లో అన్నరోజే. ఎనభై ఎనిమిది అని నీ దరఖాస్తు నా ముందే ఉంది, నువ్వు రిసీవరు పెట్టకముందే తెలుసు."

"తెలిసీ ఎందుకు తీసుకున్నారు సార్?"

"హోల్డెన్ వాళ్ళని చూశావుగా. ఏడాది తిరక్కుండా ఒక్కొక్కడూ అమెరికా అని, ఆస్ట్రేలియా అని, చెయ్యి ఊపేసి పోతాడు. వాళ్ళకి నోరుంది. నీకు లేదు. పలుపు నేను కొనక్కర్లేకుండా మెడకి నువ్వే తగిలించుకుని వచ్చావు. అలాంటి గొడ్డుని ఎవడొదులుకుంటాడు?"

"మరి పెద్దాయనకి..."

"కాకి ఉందని చెప్పాను. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకుండా చూసుకో." సిగరెట్టు పిట్టగోడకి రాసి ఆర్పాడు. "పద. పులుసు చల్లారిపోతుంది."

ఎప్పుడు ఆగిందో, వంటింట్లో గరిటె చప్పుడు లేదు. చక్రధర్ అది గమనించే స్థితిలో లేడు.

సూర్యారావుగారు బల్ల తలాపున నిలబడి కళ్ళజోడు సవరించుకున్నాడు. ఆయన చేతిలో కాగితం లేదు. పేర్లన్నీ నోటికొచ్చు. వడ్డించిన కంచాల ముందు చేతులు ఆగిపోయాయి.

"విశ్వేశ్వరరావు! నైంటీన్ సిక్స్‌టీ టూ!"

"ప్రెజెంట్ సర్!" బ్యాంకు పెద్దమనిషి చటుక్కున లేచి నిలబడ్డాడు, అంత బొజ్జతోనూ. "అనంతరామయ్య మాస్టారి బెత్తం దాచేసింది నేనేనండీ, ఇప్పటికి ఒప్పుకుంటున్నాను." బల్లంతా గొల్లుమంది.

"గంగాధర్! నైంటీన్ ఎయిటీ!"

"ప్రెజెంట్ సర్." గంగాధర్ గంట గోపురం మీద పావురాల గుడ్ల గురించి ఏదో చెప్పాడు. అందరూ నవ్వారు. కూర్చుని కంచంలో చేపముక్క ముళ్ళు తీసుకోసాగాడు.

"చక్రధర్! నైంటీన్ ఎయిటీ ఎయిట్!"

చక్రధర్ లేచాడు. రెండు మాటలు. ప్రెజెంట్ సర్. ఆ తర్వాత విశ్వేశ్వరరావుగారి చెవిలో ఇంకో రెండు మాటలు. అంతే, రేపు మామూలుగా పాయా లేబర్ వెళ్ళొచ్చు. ఎల్లుండీ వెళ్ళొచ్చు. నెలాఖరుకి లక్ష్మిని విమానం ఎక్కించి, మళ్ళీ వెళ్ళొచ్చు. గంగాధర్ కేసి చూశాడు. గంగాధర్ తలెత్తలేదు. ఎత్తాల్సిన పని లేనివాడిలా నెమ్మదిగా ముళ్ళు తీసుకుంటున్నాడు. చేపకి కూడా అంత తాపీగానే చావొచ్చి ఉంటుంది.

ఎద్దుకి పుండుంటే నువ్వే ముందు చూపించెయ్.

"ఆబ్సెంట్ సర్," అన్నాడు చక్రధర్.

విశ్వేశ్వరరావుగారు పడీపడీ నవ్వాడు. "భలే! హోల్డెన్ చమత్కారం ఎక్కడికి పోద్ది!"

"చమత్కారం కాదండీ. నేను హోల్డెన్లో చదవలేదు. మాది చింతలంక జిల్లా పరిషత్ స్కూలు. మా పరీక్షకి సెంటరు మీ బళ్ళో పడింది, అక్కడ రాశాను. అంతకుమించి ఆ బడి గేటు నేనెరగను. మీరు వెతికే కాకి నేనేనండీ."

నవ్వు ఒక్కొక్క మొహం మీంచీ రాలిపోయింది. సూర్యారావుగారు కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, కుర్చీలో కూలబడ్డాడు. విశ్వేశ్వరరావుగారు కలిపిన ముద్ద కంచంలో వదిలేసి గంగాధర్ వైపు తిరిగాడు. "ఏవయ్యా, మన స్కూలు కుర్రాడని నాకు పరిచయం చేసింది నువ్వే కదా?"

గంగాధర్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. వీడు తనంతట తనే పలుపు తెంపుతాడని అతను అనుకోలేదు. కానీ మొహం చూస్తే అబ్బ, ఎంత బాధ!

"నేనూ మీలాగే మోసపోయానండీ. టెన్త్ అక్కడే రాశానన్నాడు. సాటి హోల్డెన్ వాడు కదాని ఆరా తియ్యకుండా అన్నం పెట్టాను. నాకేం తెలుసు? ఇలాంటివాణ్ణి బ్యాంకులో పెట్టుకుంటారో మానుకుంటారో మీ ఇష్టం. నేనైతే రేపు పొద్దున్నే పాసు రద్దు చేయించేస్తాను."

ఆయనకి మొదట్నించీ తెలుసండీ అని చక్రధర్ అనాలి. అంటే నమ్మేదెవరు? ఇప్పుడే కదా అబద్ధాలకోరునని సభలో నిలబడి ఒప్పుకున్నాడు. అబద్ధాలకోరు చెప్పే నిజానికి హామీ ఎవరుంటారు? విశ్వేశ్వరరావుగారి కళ్ళు తన మీదకి వచ్చి, అసహ్యంగా పక్కకి తిరగడం చూశాడు. పుండు చూపించాడు. సంతలో ఎద్దు అమ్ముడుపోలేదు సరికదా, కటికవాడి చేతికి పలుపు అందింది.

వంటింటి గుమ్మంలో కాత్యాయని నిలబడి ఉంది, చేతులు కట్టుకుని, మామగారి కేసి అదోలా చూస్తూ. ఆమెని దాటుకుని లక్ష్మీప్రియ వచ్చింది, ఒక చేత్తో పులుసు గిన్నె, రెండో చేత్తో గరిటె. మొగుడి మొహం చూడలేదు. తిన్నగా గంగాధర్ కంచం దగ్గరికి పోయి ఆగింది.

"అన్నయ్యగారూ, మీ తమ్ముడు గురునాథంగారు ఏ యేడు బ్యాచండీ?"

తన తమ్ముడి పేరు ఈమె నోట ఎలా వచ్చిందో గంగాధర్‌కి వెంటనే అందలేదు. చక్రధర్‌కి అందింది. తాలింపు ఘాటు, అద్దపు పలకల సందులు, ఆగిపోయిన గరిటె చప్పుడు, అన్నీ ఒక్కసారి అందాయి.

"ఎనభై ఎనిమిది," అన్నాడు గంగాధర్. అనేశాక పెదవి కొరుక్కున్నాడు.

"అంటే మా ఆయన రాసిన యేడే."

"చూడమ్మా, ఇవి ఉద్యోగాల మాటలు. నీకు తెలీవు. నువ్వు లోపలికి వెళ్ళు."

లక్ష్మీప్రియ గరిటె నిండా పులుసు ముంచి, అతని కంచం మీద, ఒక్క చుక్క ఒలకకుండా, అలాగే పట్టుకుంది.

"మీ తమ్ముడు టెన్త్ ఎక్కడ రాశాడో చెప్పండి, వెళ్ళిపోతాను."